గాలి మీద తాకట్టు

బ్యాంకులో మార్వా టౌజిల్ ఆ కాగితాన్ని బల్ల మీద తిప్పి ఆర్లిస్ వైపు జరిపింది. జరిపి, నవ్వాలో వద్దో తేల్చుకోలేక కళ్లజోడు తీసి తుడవడం మొదలుపెట్టింది.

"నేను చదివి వినిపించను. నువ్వే చూసుకో," అంది.

ఆర్లిస్ చూసుకుంది. అప్పు తీసుకున్న మనిషి పేరు వెర్లిన్ వోండ్రా, ఆమె మొగుడు. అప్పిచ్చిన మనిషి పేరూ వెర్లిన్ వోండ్రానే. తాకట్టు పెట్టిన ఆస్తుల జాబితా పేజీన్నర ఉంది. ఇల్లు, షెడ్డు, పికప్ ట్రక్కు, చేపల పడవ, వేట తుపాకులు రెండు, వంటింటి సామాను, ఇప్పుడున్నవీ ఇకముందు కొనబోయేవీ అన్నీ. వెర్లిన్ వేలిముద్రలు, నెత్తురు, చెమట, అతను చచ్చేదాకా చేయబోయే పని. కూతురు డార్లా. పిల్లి. పిల్లి పేరు కూడా రాశాడు. చివర ఎర్ర సిరాతో బొటనవేలి ముద్ర, దాని పక్కన రాష్ట్ర రాజధాని లింకన్‌లోని నమోదు కార్యాలయం వాళ్ల ముద్ర, తేదీ, వరస సంఖ్య.

"పిల్లి నాది," అంది ఆర్లిస్.

మార్వా ఇక ఆపుకోలేకపోయింది. ఇద్దరూ ముప్పై ఏళ్లుగా చర్చిలో ఒకే వరసలో నిలబడి పాడేవాళ్లు. పాటలో ఒకరికి నవ్వొస్తే రెండోవాళ్లకీ వచ్చేది. కాసేపు అలాగే నవ్వుకున్నారు. తర్వాత మార్వా కళ్లజోడు పెట్టుకుని అసలు సంగతి చెప్పింది. తనకైతే నవ్వొచ్చింది కానీ ఒమాహాలో ఉన్న పై ఆఫీసుకు రాదు. అప్పిచ్చే ముందు వాళ్లు రికార్డులు వెతుకుతారు. వెర్లిన్ ఆస్తి మొత్తం మీద ఇంకెవరికో ముందు హక్కు ఉందని అందులో కనిపిస్తుంది. ఆ ఇంకెవరో వెర్లినే అని వాళ్లకి అనవసరం. ఆ హక్కుదారు విడుదల కాగితం రాసిచ్చేదాకా ఫైలు కదలదు.

"అయితే ఆ హక్కుదారుతో నేను మాట్లాడతా. రాత్రి భోజనానికి ఇంటికే వస్తాడు," అంది ఆర్లిస్, సంచీ భుజాన వేసుకుంటూ.

అప్పు దేనికంటే, మెయిన్ వీధిలో ఒటీలీ సెద్లాచెక్ బేకరీకి. ఒటీలీకి ఎనభై ఒకటి దాటాయి, మణికట్లు రెండూ పోయాయి. బడి వంటగదికి మారకముందు ఆర్లిస్ ఆ బేకరీలోనే పదకొండేళ్లు పిండి పిసికింది. గసగసాల ముద్ద పెట్టి కాల్చే కొలాచీ అనే తీపి రొట్టెకి అంచు ఎంత మందం ఉండాలో కళ్లు మూసుకుని చెప్పగలదు. ఆ దుకాణంలో మూడంతస్తుల పొయ్యి ఉంది. అడుగున రాతిపలక. పొయ్యి పెట్టాక దాని చుట్టూ గోడ కట్టారు కాబట్టి అది ఏ తలుపులోంచీ బయటికి రాదు. నెలాఖరులోగా ఆర్లిస్ సంతకం పెట్టకపోతే, ఇంటి యజమాని ఆ గది సిగరెట్లకి బదులు పీల్చే పొగ యంత్రాలమ్మే కుర్రాళ్లకి ఇచ్చేస్తానన్నాడు. వాళ్లు పొయ్యిని ముక్కలు చేసి పాత ఇనుముకి తూకం వేస్తారు. నెలాఖరుకి ఇంక పదకొండు రోజులుంది. అప్పు ఆర్లిస్ ఒక్కదాని పేరు మీద పుట్టదు, బడి వంటగది జీతం చాలదు. వెర్లిన్ పింఛను కలపాల్సిందే.

తనకి ఆ దుకాణం వస్తుందని ఆర్లిస్‌కి ఎప్పుడూ అనుమానం లేదు. ఇప్పుడూ లేదు. మధ్యలో ఒక మొగుడు అడ్డం పడ్డాడంతే.

వెర్లిన్ తెలివితక్కువవాడు కాదు. ఊరి ధాన్యం గోదాములో ఇరవై ఏడేళ్లు మేస్త్రీగా చేశాడు. ఆ గోదామును ఎక్కడివాళ్లో కొన్నారు. కొన్న మూడో వారంలో ఉద్యోగం లేదని ఉత్తరం వచ్చింది. ఫోను లేదు, మనిషి రాలేదు, ఉత్తరం. పైన అతని పేరు మిషను కొట్టిన పెద్ద అక్షరాల్లో. వెర్లిన్ ఆ ఉత్తరం పట్టుకుని పోస్టు డబ్బా దగ్గర చాలాసేపు నిలబడటం ఆర్లిస్ వంటింటి కిటికీలోంచి చూసింది. తర్వాత మోకాలి ఆపరేషను బిల్లులూ అదే పెద్ద అక్షరాలతో వచ్చాయి.

ఆ చలికాలమే రోలండ్ బిక్స్‌బీ అనే ఆయన గ్రాండ్ ఐలాండ్‌లో ఒక మోటెల్ హాలు అద్దెకు తీసుకుని పాఠాలు చెప్పాడు. ఆ పెద్ద అక్షరాల పేరు నువ్వు కాదు, అన్నాడు. అది నువ్వు పుట్టిన రోజున సర్కారు పుట్టించిన కాగితం మనిషి. అప్పులు, పన్నులు, జరిమానాలు అన్నీ వాడివి. రక్తమాంసాలున్న నువ్వు ముందుగా వెళ్లి ఆ కాగితం మనిషి మీద తాకట్టు నమోదు చేయించుకుంటే వాడు నీ సొత్తు. ఇంకెవడూ నిన్ను తాకలేడు. ఈ మాట వినగానే వెర్లిన్‌కి ప్రాణం లేచొచ్చింది. ఆ ఉత్తరం తనకి రాలేదన్నమాట. ఇరవై ఏడేళ్లు పనిచేసిన మనిషికి కాదు, ఎవడో కాగితం వాడికి వచ్చింది. ఆర్లిస్‌కి ఇదంతా అర్థమైంది. అందుకే ఆ ముద్ర కాగితాన్ని చట్రం కట్టించి ఫ్రీజరు పైన మేకుకి తగిలిస్తే ఊరుకుంది. అందులో పిల్లి ఉందని అప్పుడు చదవలేదు.

ఆ సాయంత్రం పంది మాంసం, ఉడికించిన పిండి ముద్దలు, పులియబెట్టిన క్యాబేజీ వడ్డించి, అతను సగం తిన్నాక విషయం చెప్పింది. వెర్లిన్ ముళ్లగరిటె కింద పెట్టాడు. విడుదల రాసివ్వడం కుదరదన్నాడు. రాసిస్తే తనని తాను తిరిగి వాళ్ల చేతికి అప్పగించినట్టే అన్నాడు. బేకరీ కావాలంటే ఇంకో దారి చూద్దాం, బిక్స్‌బీ పద్ధతిలో ఒక హామీపత్రం రాసి బ్యాంకుకే పంపుదాం అన్నాడు.

"ఒటీలీ ఆ పత్రంతో పొయ్యి ముట్టించుకుంటుంది," అంది ఆర్లిస్.

"నవ్వు, నవ్వు. ఇది పనిచేస్తోంది కాబట్టే వాళ్లకి మంట. ఆస్పత్రి వాళ్లకి కాపీ పంపాక ఒక్క ఉత్తరమైనా వచ్చిందా? బండి రిజిస్ట్రేషను చీటీ గడువైపోయిందని పోలీసు డిప్యూటీ ఆపినప్పుడు ఇదే చూపించాను. వెళ్లండి మిస్టర్ వోండ్రా అన్నాడా లేదా?"

ఆ డిప్యూటీ చిన్నప్పుడు బేస్‌బాల్ ఆడిన జట్టుకి వెర్లినే శిక్షకుడు. ఇంకో సంగతి కూడా ఆర్లిస్ నాలుక చివరిదాకా వచ్చింది. అక్కడే ఆపేసింది.

"నమోదు ఆఫీసు ముద్ర వేసిందా లేదా? అబద్ధమైతే వేస్తారా? ఎవరైనా కాదన్నారా? కాదనకపోతే ఒప్పుకున్నట్టే. చట్టం అంటే అదే," అన్నాడు వెర్లిన్. అని, పిండి ముద్ద ఇంకొకటి వేయించుకున్నాడు.

ఇలాంటి మాటలకి ఎదురు మాట్లాడి లాభం లేదని ఆర్లిస్‌కి తెలుసు. పులియని పిండిని ఎంత గుద్దినా పొంగదు, వెచ్చగా ఒక మూల పెట్టాలి. మర్నాడు బడిలో పిల్లల భోజనాలు అయిపోయాక గ్రంథాలయానికి వెళ్లింది. కంప్యూటరులోంచి వెర్లిన్ నింపినలాంటి ఖాళీ ఫారమే తీసుకుంది. వెర్లిన్‌ది ఎదురుగా పెట్టుకుని గడి గడికీ అలాగే నింపింది. అప్పు తీసుకున్న మనిషి ఆర్లిస్ వోండ్రా. అప్పిచ్చిన మనిషి ఆర్లిస్ వోండ్రా. తాకట్టు పెట్టిన ఆస్తి అనే గడి దగ్గర కాసేపు ఆలోచించింది. కిటికీ అవతల జెండా కర్రకి తాడు టపటపా కొట్టుకుంటోంది. 'ఈ కౌంటీ మీద వీచే గాలి యావత్తూ, ఇప్పుడు వీచేదీ ఇకముందు వీచబోయేదీ' అని రాసింది. రుసుము కట్టింది. రెండో రోజుకల్లా ముద్ర, తేదీ, వరస సంఖ్య వేసి పంపారు.

దాన్ని వెర్లిన్ కాఫీ కప్పు పక్కన పెట్టింది. అతను చదివాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"ఇది వెటకారం."

"ముద్ర చూడు. నీదీ నాదీ ఒకటే ముద్ర."

"నువ్వు ఉద్దేశంతో చేయలేదు. నేను ఉద్దేశంతో చేశాను. తేడా ఉంటుంది."

"ఆ గడి ఎక్కడుంది ఫారంలో? నాకు కనిపించలేదే."

వెర్లిన్ షెడ్డులోకి పోయాడు. రెండు రోజులు పొడి మాటలే నడిచాయి. నెలాఖరుకి వారం మిగిలింది. తన ఉపాయం పారలేదని ఆర్లిస్ ఒప్పుకుంది కానీ, ఒటీలీ దగ్గరికి వెళ్లి పొయ్యి రాతిపలక ఏ నూనెతో తుడవాలో మాత్రం నేర్చుకుని వచ్చింది.

గురువారం సాయంత్రం గారల్డ్ స్టీనర్ వచ్చాడు. గారల్డ్ ఒకప్పుడు బోరుబావులు తవ్వేవాడు. మోటెల్ పాఠాల్లో వెర్లిన్ పక్క కుర్చీ. అప్పటినుంచి లావుపాటి ఫైలు చంకలో లేకుండా ఎక్కడికీ రాడు. ఆర్లిస్ ఎండు ప్లమ్ పళ్ల కొలాచీలు పళ్లెంలో పెట్టి ఇద్దరి ముందూ ఉంచింది. మాటల్లో వెర్లిన్, ఉక్రోషం తీర్చుకోవడానికి, ఆర్లిస్ కాగితం తీసి గారల్డ్ మీదికి విసిరాడు. మా ఆవిడ ఎంత తెలివైందో చూడు, అన్నాడు.

గారల్డ్ చదివాడు. వరస వరసకీ వేలు ఆనిస్తూ మళ్లీ చదివాడు. తర్వాత టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"ఆర్లిస్, ఇది నీకు ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. నాకే తోచింది."

"బిక్స్‌బీకి కూడా తోచలేదమ్మా ఇది." గారల్డ్ గొంతు తగ్గించాడు. "ఉత్తరాన గుట్ట మీద నలభై రెండు గాలిమరలున్నాయి. అవి తిరుగుతున్నది దేనితో? నీ సొత్తుతో. వాళ్లు నిన్ను అడిగారా?"

వెర్లిన్ నవ్వాడు. గారల్డ్ నవ్వలేదు. ఫైలు తెరిచి, పెన్సిలు నాలుకకి అద్దుకుని, ఏం చేయాలో వరసగా చెప్పుకుపోయాడు. ముందు గాలిమరల కంపెనీకి నోటీసు. ముప్పై రోజులు గడువు. జవాబు రాకపోతే రెండో నోటీసు. అప్పటికీ రాకపోతే మరలు నలభై రెండూ ఆర్లిస్‌వి. మరలు పెట్టుకోవడానికి పొలం కౌలుకిచ్చిన తన బావమరిదికి కూడా నోటీసు ఇవ్వాలి, చుట్టరికం చూడకూడదు అన్నాడు. తనకి వాటా పంచమని అడగడం లేదు, కాగితాలు రాయడానికి తనని పెట్టుకుంటే చాలన్నాడు.

"గారల్డ్, అది హాస్యానికి చేసింది," అన్నాడు వెర్లిన్.

"హాస్యానికి ముద్ర వేస్తారా?"

"వేస్తారు. ఏది పంపినా వేస్తారు. వాళ్లు చదవరు."

"వేశారా లేదా? అబద్ధమైతే వేస్తారా?" గారల్డ్ పెన్సిలుతో బల్ల మీద కొట్టాడు. "ఎవరైనా కాదన్నారా? కాదనకపోతే ఒప్పుకున్నట్టే. నువ్వే కదయ్యా పోయిన నెల మా అల్లుడికి చెప్పావు. ఎంత బాగా చెప్పావో."

ఆర్లిస్ సింకు దగ్గర అటు తిరిగి నిలబడింది. ఇప్పుడు తను ఒక్క మాట అన్నా చెడిపోతుందని ఆమెకి తెలుసు. ఉన్న ఒక్క గిన్నెనే మళ్లీ మళ్లీ కడిగింది. వెనక వెర్లిన్ ఇంకో రెండుసార్లు నచ్చజెప్పడానికి చూశాడు. గాలి ఎవరి సొత్తూ కాదన్నాడు. నీ పేరు నీ సొత్తయినప్పుడు గాలి ఎందుకు కాదు అన్నాడు గారల్డ్. ప్రతి మాటకీ గారల్డ్ దగ్గర జవాబుంది. ప్రతి జవాబూ వెర్లిన్ ఈ వంటింట్లో, ఈ కుర్చీలోనే ఎప్పుడో ఒకప్పుడు చెప్పిందే. వెర్లిన్ చేతిలో ఉన్న కొలాచీ తిరిగి పళ్లెంలో పెట్టేశాడు. గారల్డ్ వైపు చూస్తూ కూర్చున్నాడు, సెలూను అద్దంలో వెనకవైపు బట్టతల మొదటిసారి కనిపించినవాడిలా.

గారల్డ్ అరడజను కొలాచీలు తిని, ఆర్లిస్ కాగితం నకలు రాసుకుని వెళ్లిపోయాడు. వెర్లిన్ లేచి పళ్లేలు కడిగాడు. కడిగినవి ఆర్లిస్ తుడిచింది.

తెల్లారి అతను చొక్కా ఇస్త్రీ చేసుకుని వచ్చి, "ట్రక్కులో పెట్రోలుంది. లింకన్ వెళ్లొద్దాం," అన్నాడు.

బయల్దేరబోతుంటే మార్వా ఫోను చేసింది. నిన్న పై ఆఫీసు వాళ్లు భార్యాభర్తలిద్దరి పేర్ల మీదా మళ్లీ వెతికించారట. ఈసారి ఆర్లిస్ పేరు మీద కూడా ఒకటి తేలిందట. అప్పు అడిగేవారికి పవన విద్యుత్తు వ్యాపారం ఉందా, ఉంటే దరఖాస్తులో ఎందుకు చూపలేదు అని ఒమాహా నుంచి రాతపూర్వకంగా అడిగారట. మార్వా ఆ ప్రశ్న నవ్వాపుకుంటూ చదివింది. ఆర్లిస్‌కి మాత్రం ఈసారి నవ్వు రాలేదు. తన కాగితం కూడా తనకే అడ్డం పడుతుందని ఆమెకి ఒక్కసారీ తట్టలేదు. మొగుడికి బుద్ధి చెప్పడానికి పోయి తన మెడకే తగిలించుకుంది.

వెర్లిన్ సంగతి విన్నాడు. ఆమె కోసం ట్రక్కు తలుపు తీసి పట్టుకున్నాడు. ఊరు దాటి పది మైళ్లు పోయాక, "నీ గాలి నువ్వూ వదులుకోవాలన్నమాట," అన్నాడు. ఆ మాట అనడంలో అతనికి కొంచెం సుఖం ఉంది. ఆర్లిస్ అది అతనికి ఉండనిచ్చింది.

ఇంకొంచెం దూరం పోయాక అడిగాడు. "ఆ బండి చీటీ రుసుము. డిప్యూటీ ఆపాక. నువ్వు కట్టావా?"

"మర్నాడే."

"ఆస్పత్రిది?"

"వాళ్లతో మాట్లాడి నెలనెలా కొంత కడుతున్నాను. ఉత్తరాలు ఇంటికి పంపొద్దని, బడికి పంపమని చెప్పాను."

వెర్లిన్ రోడ్డు చూస్తూ తల ఊపాడు. "ఎంత మిగిలింది?" అన్నాడు. ఆమె చెప్పింది. నా మోకాలే కదా, ఇక నేను కడతానన్నాడు.

లింకన్‌లో కిటికీ వెనక ఉన్న గుమాస్తా అమ్మాయికి డార్లా ఈడు ఉంటుంది. విడుదల ఫారాలు రెండు ఇచ్చి, వెర్లిన్ కాగితం మీద కళ్లు ఆనించకుండానే, "మీరు అప్పిచ్చినవారా, తీసుకున్నవారా?" అని అడిగింది.

"రెండూ నేనే," అన్నాడు వెర్లిన్.

"అయితే ఎడమవైపు గడిలో గుర్తు పెట్టండి."

అతను గుర్తు పెట్టాడు. పెన్ను ఇంకా చేతిలోనే ఉంది. "అమ్మాయ్, ఒక్కమాట. ఇన్నాళ్లూ ఇది ఏమైనా పనిచేసిందంటావా?"

ఆ అమ్మాయి మొదటిసారి తలెత్తి అతని మొహం చూసింది. చులకనగా చూడలేదు. "మాకొచ్చింది మేం దాచిపెడతామండీ. నిజమో కాదో మేం చెప్పం, అది కోర్టు పని. దీన్ని తీసి చదివేది మీకు అప్పివ్వబోయేవాళ్లే. వాళ్లని ఆపడానికైతే బాగా పనిచేస్తుంది."

వెర్లిన్ సంతకం పెట్టాడు. పక్కన ఆర్లిస్ కౌంటీ గాలినంతా వదులుకుంటూ తనదీ పెట్టింది. బయటికొచ్చి, శాసనసభ భవనం ఎదుట ఉన్న బల్ల మీద కూర్చుని తెచ్చుకున్న రొట్టెలు తిన్నారు. కాగితపు రుమాళ్లు ఎగిరిపోతుంటే వెర్లిన్ వాటి మీద మోచెయ్యి పెట్టాడు.

నెలాఖరుకి రెండు రోజులుండగా బ్యాంకు సరేనంది. యజమాని ఒమాహా నుంచి పంపిన అద్దె పత్రం మీద ఆర్లిస్ ముందు, వెర్లిన్ తర్వాత సంతకాలు చేశారు. ఒటీలీ తన కుర్చీలోంచే అంతా కనిపెట్టి చూసింది. చూసి, తనని తాను కొనుక్కున్నవాడు ఇతనేనా అని ఆర్లిస్‌ని అడిగింది. అవునంది ఆర్లిస్. "ఎక్కువిచ్చి ఉంటాడు," అంది ఒటీలీ. వెర్లిన్‌ని పిలిచి వెనక గదిలోంచి పిండి బస్తాలు తెమ్మంది. అతను మోకాలి సంగతి ఎత్తకుండా నాలుగు బస్తాలు మోశాడు.

దుకాణం తెరిచిన మూడో రోజు పొద్దున్నే గారల్డ్ వచ్చాడు. తలుపు బార్లా తెరిచి గుమ్మంలోనే నిలబడ్డాడు, చంకలో ఫైలు. ఆర్లిస్ మూడో పళ్లెం కొలాచీలకి గసగసాల ముద్ద పెడుతోంది.

"నువ్వు గాలిని వదిలేశావని విన్నాను," అన్నాడు ఆమెతో, బాధగా. "అంత ఆస్తి. నా మనసు ఒప్పుకోలేదు. సోమవారం నా పేరు మీద రాయించుకున్నాను. నువ్వేం బెంగపెట్టుకోకు, నీకూ వెర్లిన్‌కీ ఎప్పటికీ ఉచితమే."

ఆర్లిస్ వెర్లిన్ వైపు చూసింది. అతను చేతులకి పిండితో పొయ్యి దగ్గర నిలబడి ఉన్నాడు. స్నేహితుడిని చూసి నవ్వలేదు, ఎదురు వాదన కూడా పెట్టుకోలేదు.

"మంచిది గారల్డ్. ఆ తలుపు వేసి రా. నీ గాలికి మా పిండి పైన పొర కడుతోంది," అన్నాడు. "వచ్చి కూర్చో. కాఫీ తాగుతూ నీతో ఒక సంగతి మాట్లాడాలి. లింకన్‌లో ఒక అమ్మాయి నాతో ఒక మాటంది."

గారల్డ్ తలుపు వేసి, కూర్చుని, ఫైలు బల్ల మీద పెట్టాడు. వినడానికి అతనికి ఎంతసేపు పడుతుందో ఆర్లిస్‌కి తెలియదు. వెర్లిన్‌కే ఏడాదిన్నర పట్టింది. ఆమె ఇద్దరి మధ్యా ఒక పళ్లెం పెట్టి, మూడో అరలోకి కొలాచీలు తోసి, గడియారం చూసుకుంది.